గోడ జరపమనే ముందు

ఓ ప్రభుత్వ ఆఫీసు భవనం కడుతున్నారు. స్లాబు పడింది, గోడలు లేచాయి, పైన ఏసీ గాలి వెళ్లే డక్టులు బిగిస్తున్నారు. రేపు ఆ ఆఫీసులో కూర్చోబోయే అధికారి సరిగ్గా అప్పుడే మొదటిసారి సైటుకు వస్తారు. డ్రాయింగు మీద ఎన్నిసార్లు సంతకం పెట్టినా తట్టనిది అక్కడ నిలబడగానే తడుతుంది. 'గది ఇరుగ్గా ఉందే! ఈ గోడ ఓ నాలుగడుగులు అటు జరపండి' అంటారు. వెంట వచ్చినవాళ్లు తలలూపుతారు. సైటు ఇంజనీరు డైరీలో రాసుకుంటాడు. కాంట్రాక్టరు మాత్రం మనసులో లెక్క కట్టుకుంటాడు.

నాలుగడుగులే కదా అనిపిస్తుంది. కానీ ఫాల్స్ సీలింగ్ పైకి తొంగి చూస్తే సంగతి తెలుస్తుంది. గోడ జరిగితే ఏసీ గాలి వదిలే జాలీలు రెండూ ఒకే గదిలోకి పోతాయి, పక్క గదిలో ఉక్కపోస్తుంది. మంటలు లేస్తే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ గోడకు అవతల పడుతుంది. పొగను పసిగట్టే డిటెక్టర్ లేని గది ఒకటి తయారవుతుంది. లైటు ఒక గదిలో, దాని స్విచ్ ఇంకో గదిలో ఉంటాయి. అటుపక్క కారిడార్ సన్నబడితే, మంటలు లేచినప్పుడు జనం బయటపడే దారే ఇరుకవుతుంది. ఈలోగా ఆర్కిటెక్టు డ్రాయింగు మార్చి పంపుతారు, ఎలక్ట్రికల్ వాళ్లకు అది అందదు. కొత్తగా మార్చిన డ్రాయింగు (రివిజన్ 3) చూసి గోడ కట్టినవాళ్లు, దాని ముందరిది (రివిజన్ 2) చూసి పైపు లాగినవాళ్లు ఒకే గదిలో తగువు పడతారు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది సంతకం పెట్టిన కాగితమే!

రికార్డు గది కథ ఇంకా ప్రమాదకరం. కింద ఉండాల్సిన ఫైళ్లను మూడో అంతస్తుకు మార్చమంటారు. భవనాలు మోయాల్సిన బరువులు చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం, ఫైళ్లు వేరే చోట దాచుకునే ఆఫీసు గది నేలకు చదరపు మీటరుకు దాదాపు 250 కిలోల బరువు లెక్క వేస్తారు. ఫైళ్లు నిల్వ చేసే గదికి అది దాదాపు 500 కిలోలు. స్లాబు పోసేశాక ఆ తేడాను ఏ సంతకమూ పూడ్చలేదు.

మార్పులే వద్దని మేం అనడం లేదు. కట్టడానికి ఏళ్లు పట్టే భవనంలో శాఖలు కలుస్తాయి, సిబ్బంది పెరుగుతారు, తగ్గుతారు. నిన్న జనం బారులు తీరిన కౌంటర్ పని రేపు ఫోన్‌లోనే అయిపోవచ్చు. అభ్యంతరమల్లా ఆ మార్పులు వచ్చే దారి మీదే. ఒకరు ఫోన్ చేస్తారు, ఒకరు సైటులో వేలు చూపిస్తారు, ఇంకొకరు వాట్సాప్‌లో ఫొటో మీద గీత గీసి పంపుతారు. టెండర్‌లో పోటీ ఉంటుంది. పని మధ్యలో పుట్టుకొచ్చిన అదనపు పనికి ఆ పోటీ ఉండదు. ప్రజల డబ్బు జారిపోయేది అక్కడే.

స్కాట్లండ్ పార్లమెంటు భవనం సంగతి చూడండి. 1997లో వేసిన మొదటి అంచనా 1 కోటి నుంచి 4 కోట్ల పౌండ్లు. 2004లో తలుపులు తెరిచేసరికి ఖర్చు 41 కోట్లు దాటింది, మూడేళ్ల ఆలస్యం అదనం. 1999లో ప్రాజెక్టు కొత్త పార్లమెంటు చేతికి వచ్చాక సభామందిరం ఆకారం మార్చమన్నారు, సభ్యులకూ సిబ్బందికీ చోటు పెంచమన్నారు. తప్పంతా మార్పులదే అనలేం. ఆ తొలి అంచనాయే నిలిచేది కాదు, బాంబు పేలుళ్లను తట్టుకునే ఏర్పాట్ల భారం వేరే. అయినా డిజైన్ పూర్తిగా తేలకముందే పని మొదలుపెట్టి, ఒకపక్క కడుతూ ఇంకోపక్క గీస్తూ పోతే ఏమవుతుందో అక్కడ జరిపిన విచారణ బయటపెట్టింది.

కాబట్టి వాడుకునే శాఖ తరఫున ఒక్కరే మాట్లాడాలి. ఏ మార్పయినా వారి ద్వారా, రాతపూర్వకంగా రావాలి. ఎంత ఖర్చు, ఎన్ని రోజులు, ఎవరెవరి పని మళ్లీ చేయాలి అన్నవి తేలాకే 'సరే' అనాలి. అడిగినవారే ఆమోదించడం కుదరదు. ఇంకో టెన్షన్ బదిలీలది: ఈయన జరిపించిన గోడను వచ్చే ఆయన వెనక్కి జరపమంటారు. ఎవరి పేరు మీద, ఏ కారణంతో మార్చారో ఫైల్లో ఉంటే ఆ సరదా కొంత తగ్గుతుంది.

వీటన్నిటికన్నా ముందు చేయదగ్గ పని ఒకటుంది, దానికి ఖర్చు కూడా లేదు. లోపలి గోడలు లేవకముందే నేల మీద సుద్దతో గదులు గీసి, నాలుగు బల్లలూ కుర్చీలూ వేసి, అక్కడ పనిచేయబోయే గుమాస్తాలను, కౌంటర్ సిబ్బందిని ఒక పూట పిలిచి కూర్చోబెట్టండి. తలుపు ఎటు తెరుచుకోవాలో, బీరువా ఎక్కడ అడ్డొస్తుందో, వచ్చినవాళ్లు ఎక్కడ నిలబడతారో వాళ్లే చెప్పేస్తారు.