బార్ అవతల ఏముందని అడిగేవాళ్లకు

2022 జూన్ రెండో వారంలో తేజస్విన్ శంకర్ ఒకేసారి రెండు చోట్ల ఉండాల్సి వచ్చింది. కామన్వెల్త్ క్రీడల జట్టు ఎంపికకు లెక్కలోకి వచ్చే అంతర్రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలు చెన్నైలో జరుగుతున్నాయి. అమెరికా కాలేజీల జాతీయ పోటీలు ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్‌లో జరుగుతున్నాయి. అతను కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ హైజంపర్, అంటే అడ్డంగా పెట్టిన బార్ మీదుగా ఎత్తుకు దూకేవాడు. యూజీన్‌కే వెళ్లాడు, 2.27 మీటర్లు దూకి గెలిచాడు. భారత అథ్లెటిక్స్ సమాఖ్య కామన్వెల్త్ కోసం పెట్టిన కొలత కూడా సరిగ్గా 2.27. అయినా జట్టులో అతని పేరు లేదు. చెన్నై రాలేదు, రాలేనని ముందుగా అనుమతీ అడగలేదు అన్నది సమాఖ్య వాదన. చివరికి అతను ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

సమాఖ్య వాదనలో అసలు న్యాయమే లేదని అనను. ఎండలో చెన్నై వచ్చి పోటీ పడినవాళ్లుండగా, రానివాణ్ణి తీసుకుంటే వాళ్లేమనుకుంటారు? కానీ తేజస్విన్ ఇంట్లో కూర్చుని పోటీ ఎగ్గొట్టలేదు. తనను చదివిస్తున్న యూనివర్సిటీ చొక్కా వేసుకుని, ఆ జట్టు కోసం దూకుతున్నాడు. కాలేజీ పోటీ అంటే సెలవు దొరికితే వెళ్లే సరదా అని చూసినవాళ్లకే అది గైర్హాజరుగా కనిపిస్తుంది.

ఇక్కడ అమెరికాలో ఉన్న మన తల్లిదండ్రుల్లో చాలామంది చూపు కూడా ఇంచుమించు అలాగే ఉంటుందని నా అభిప్రాయం. పిల్లలు హైస్కూల్లో ఆడితే మురిసిపోతాం, ఎందుకంటే అది కాలేజీ అప్లికేషన్‌లో ఒక వరుస. సీటు వచ్చాక అదే ఆట టైం వేస్ట్. ఒలింపిక్స్‌కి వెళ్తుందంటే సరే, లేదంటే ఎందుకు? హైజంప్ అయితే మరీను. క్రికెట్‌కి ఐపీఎల్ ఉంది, టెన్నిస్‌కి డబ్బుంది, దీనికి ఏముంది అంటారు.

తేజస్విన్ సంగతే చూడండి. ఢిల్లీలో పెరిగిన తమిళ కుటుంబం పిల్లవాడు. బడిలో ఫాస్ట్ బౌలర్. వ్యాయామ ఉపాధ్యాయుడి మాటతో హైజంప్‌కి మారాడు. 2016 నవంబరులో, పదిహేడేళ్ల వయసులో, కోయంబత్తూరులో 2.26 మీటర్లు దూకి, హరిశంకర్ రాయ్ పేరిట 2004 నుంచి ఉన్న 2.25 జాతీయ రికార్డును చెరిపేశాడు. మరుసటి ఏడాది కాన్సస్ స్టేట్‌కి వచ్చాడు. అక్కడి కోచ్ క్లిఫ్ రొవెల్టో చేతిలోనే ఎరిక్ కైనార్డ్ తయారయ్యాడు. లండన్ ఒలింపిక్స్‌లో కైనార్డ్‌కి దక్కిన వెండి, పైన నిలిచిన రష్యన్ డోపింగ్ తేలాక ఏళ్ల తర్వాత బంగారం అయింది. అలాంటి చోటికి వచ్చిన తేజస్విన్ 2018 ఏప్రిల్‌లో టెక్సాస్‌లోని లబక్‌లో 2.29 దూకాడు. అదే జూన్‌లో మొదటిసారి కాలేజీల చాంపియన్ అయ్యాడు. చదివింది అకౌంటింగ్. తర్వాత డెలాయిట్‌లో ఉద్యోగమూ చేశాడు. మన ఇళ్లలో ఏ పెళ్లి చూపుల్లోనైనా గర్వంగా చెప్పుకునే పేరు అది!

కాలేజీ జంపర్ రోజు ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే ఇది సరదా కాదని తెలుస్తుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా ఇండోర్ సీజన్, ఆ తర్వాత జూన్ దాకా ఔట్‌డోర్. కాలేజీల క్రీడా సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం సీజన్‌లో వారానికి ఇరవై గంటల దాకా ప్రాక్టీసు పెట్టవచ్చు. ప్రయాణం అందులోకి రాదు. నిజానికి పూర్తి రనప్‌తో బార్ మీద దూకేది వారానికి ఒకటి రెండు రోజులే. ఎగిరే కాలి మడమ, మోకాలు అంతకు మించి ఓర్చుకోలేవు. మిగతా రోజుల్లో బరువులు, గెంతులు, ముఖ్యంగా వంపు పరుగు. మొదట తిన్నగా, చివరి అడుగుల్లో వంపు తిరిగి బార్ దగ్గరికి రావాలి. ఆ వంపులో అరడుగు తేడా వస్తే ఎంత బలమున్నా బార్ పడిపోతుంది. చదువులో మార్కులు తగ్గితే మాత్రం బార్ దాకా వెళ్లే అర్హతే ఉండదు. జట్టు పాయింట్లు వేరే. కాన్ఫరెన్స్, అంటే కొన్ని కాలేజీల కూటమి, పెట్టే పోటీల్లో మొదటి స్థానానికి పది, రెండుకి ఎనిమిది, మూడుకి ఆరు, అలా ఎనిమిదో స్థానానికి ఒకటి. ఆ ఒక్క పాయింటు కోసం మడమకు పట్టీ చుట్టుకుని దూకే పిల్లలుంటారు.

స్కాలర్‌షిప్ ఆశతో పిల్లల్ని ట్రాక్ మీదికి తోసేవాళ్లకు ఒక మాట. మొన్నమొన్నటి దాకా డివిజన్ వన్‌లో, అంటే కాలేజీ ఆటల పై అంచెలో, మగవాళ్ల ట్రాక్ జట్టు మొత్తానికి ఉన్నవి 12.6 స్కాలర్‌షిప్‌లు. పరుగులు, విసుర్లు, గెంతులు అన్నీ కలిపి వాటినే ముక్కలు చేసి పంచేవారు. 2025లో ఎన్‌సీఏఏ మీద నడిచిన దావాలో కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత, అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయింది. బదులుగా జట్టులో ఎంతమంది ఉండాలన్న దానికి పరిమితి వచ్చింది. కాబట్టి ఇప్పుడు డబ్బు కన్నా ముందు జట్టులో చోటు దొరకడమే కష్టం. ఇండియా నుంచి ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చే పిల్లలకు ఇంకో చిక్కు. తోటి ఆటగాళ్లు పేరు మీద ప్రకటనలు చేసి సంపాదిస్తుంటే, వీసా నిబంధనల భయంతో వీళ్లు దూరంగా ఉండాల్సి వస్తుంది. డబ్బు లెక్క చూస్తే హైజంప్ నష్టమే. ఆ లెక్క ఒక్కటే చూసేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

తేజస్విన్ కథ మాత్రం కోర్టు దగ్గర ఆగలేదు. కోర్టు జోక్యంతో దారి దొరికినా, నిర్వాహకులు మొదట గడువు దాటిందన్నారు, తర్వాత ఒప్పుకున్నారు. పోటీకి కొద్ది రోజుల ముందు బర్మింగ్‌హామ్ చేరి ఆగస్టు 3న దూకాడు. 2.10, 2.15, 2.19, 2.22, అన్నీ మొదటి ప్రయత్నంలోనే. అదే ఎత్తు ఇంకొందరూ దాటారు. కానీ సమాన ఎత్తు వచ్చినప్పుడు ఎవరు తక్కువసార్లు బార్ పడేశారో చూస్తారు కనుక కాంస్యం అతనిది. కామన్వెల్త్ హైజంప్‌లో భారత్‌కి అదే తొలి పతకం. వారం వారం కాలేజీ మీట్లలో దూకి దూకి వచ్చిన నిదానం అదని నేనంటాను. సమాఖ్య ఏ పోటీలకు వెళ్లాడని తప్పు పట్టిందో, ఆ పోటీలే అతన్ని అలా తయారు చేశాయి.

ఆ రోజు 2.22 దాటి కూడా పతకం అందనివాళ్లలో బహమాస్‌కి చెందిన డొనాల్డ్ థామస్ ఒకడు. మిస్సోరీలోని లిండెన్‌వుడ్ యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ ఆడుకునేవాడు. 2006లో ఒక స్నేహితుడితో పందెం కాసి బార్ మీదికి ఎగిరాడు. మరుసటి ఏడాది ఒసాకాలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆవరణలోనే ట్రాక్, పరుపు, కోచ్ ఉన్న కాలేజీ కాకపోతే ఆ పందెం పందెంగానే మిగిలేది.

డిక్ ఫాస్‌బరీ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం కుంటుతుంది. వెల్లకిలా దూకే పద్ధతిని లోకానికి ఇచ్చినవాడు, ఒరెగాన్ స్టేట్ విద్యార్థి. 1968 మెక్సికోలో 2.24తో ఒలింపిక్ బంగారం గెలిచి, తిరిగి కాలేజీకి వచ్చి 1969లో మళ్లీ కాలేజీల చాంపియన్ అయ్యాడు. 1972లో సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. ఆ ఏడాది ఒలింపిక్ జట్టులో చోటు దక్కలేదు. తర్వాత ఐడహో రాష్ట్రంలో ఇంజనీరుగా బతికాడు, పెద్ద వయసులో కౌంటీ కమిషనర్‌గా ఎన్నికయ్యాడు. ఒలింపిక్ విజేత మామూలు ఉద్యోగం చేసుకున్నాడని జాలిపడేవాళ్లను చూశాను. ఎందుకు జాలి? పాతికేళ్లు దాటకుండా ఒక పని పూర్తిగా చేసి, ఇంకో పనిలోకి వెళ్లాడు.

తేజస్విన్ కూడా హైజంప్‌తో ఆగలేదు. పది అంశాలు కలిసిన డెకథ్లాన్‌కి మళ్లి 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 7,666 పాయింట్లతో జాతీయ రికార్డు పెట్టి వెండి తెచ్చాడు. అలా కాకుండా 2022తోనే ఆట మానేసి ఉద్యోగంలో స్థిరపడి ఉన్నా, ఆ అయిదేళ్ల కాలేజీ జీవితం వృథా అని నేను అనను. ఎక్కువమంది కాలేజీ జంపర్లకు జరిగేది అదే. డిగ్రీతో పాటు ఆటా అయిపోతుంది.

ఇక్కడి మన తెలుగు సంఘాల ఆటల పోటీలంటే క్రికెట్, వాలీబాల్, ఆడవాళ్లకు త్రోబాల్. వాటిని తగ్గించమనడం లేదు. ఏటా గ్రాడ్యుయేట్లను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పేటప్పుడు కాలేజీ పేరు, మేజర్, ఉద్యోగం చదువుతాం కదా. కాలేజీ జట్టులో ఆఖరి ఏడాది దాకా ఆడి, ఏ పతకమూ లేకుండా బయటికి వచ్చిన పిల్లలు మన మధ్యే ఉన్నారు. ఈసారి వాళ్ల పేర్లు కూడా పంపమని కార్యవర్గం అడగాలి. జంపర్ అయితే బెస్ట్ ఎంతో పేరు పక్కనే రాయించాలి. మీటర్లు గుర్తులేకపోతే అడుగుల్లో రాసినా ఫరవాలేదు.