అనుమతి లేదన్నది ఎవరో ముందు కనుక్కోండి

"పర్మిషన్ డినైడ్ అంటోందా, ఫోల్డర్ మొత్తానికి 777 కొట్టెయ్, అదే పోద్ది" అని, అంటే అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చెయ్యమని సలహా ఇచ్చే సీనియర్లందరినీ బతిమాలుతున్నా, దయచేసి ఆ మాట ఇక మానెయ్యండి. చాలా రోజులుగా రాద్దాం రాద్దాం అనుకుంటున్నా, ఇవాళ కుదిరింది, కొంచెం పెద్దగానే ఉంటది, ఓపిగ్గా చదవండి.

మా వైపు, అంటే భీమవరం, పాలకొల్లు, నరసాపురం, ఇటు గోదారి దాటితే రాజోలు, అమలాపురం, ఈ ఊళ్ళ నుంచి బీటెక్, బీసీఏ, ఎంసీఏ పిల్లలు ప్రాజెక్టుల టైమ్‌లో నాకు ఫోన్లు చేస్తూంటారు. వాళ్ళు కడుతున్నవి చూస్తే నిజంగా ముచ్చటేస్తది. ఒకళ్ళు రొయ్యల చెరువులో ఏ పూట ఎంత మేత వేశారో, ఏరేటర్లు ఎంతసేపు తిరిగాయో రాసుకునే సైటు కడతారు, ఇంకొకళ్ళు అంబాజీపేట కొబ్బరి రేట్లు రైతు తన ఫోన్లో చూసుకునే పేజీ, ఇంకొకమ్మాయి నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ళు మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా అమ్ముకునే షాపు. ఇంత పని చేసిన పిల్లలు, కోడ్ అంతా సొంతంగా రాసుకున్న పిల్లలు, రివ్యూ ముందు రాత్రి బ్రౌజర్లో 'ఫర్బిడెన్' అని తెల్ల పేజీ చూసి బిక్కచచ్చిపోయి ఫోన్ చేస్తారు చూడండి, అప్పుడు నాకు కడుపు తరుక్కుపోద్ది. "ఆయ్, ఎక్సాంప్ మొత్తం పీకేసి మళ్ళీ ఎక్కించేసానండి, అయినా అదే వస్తందండి" అంటారు. ఎవరు పీకమన్నారమ్మా అంటే "మా సీనియర్ అన్నయ్య చెప్పాడండి" అంటారు. ఎక్సాంప్ అంటే సొంత లాప్‌టాప్‌లోనే సైటు నడుపుకోడానికి అపాచీ అనే వెబ్ సర్వర్, మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ కలిపి ఇచ్చే ప్యాకేజీ. ఆ ఫోల్డర్ డిలీట్ చేస్తే దాని లోపలున్న మై ఎస్‌క్యూఎల్ డేటా ఫోల్డర్ కూడా పోతుందని ఆ అన్నయ్య చెప్పలేదు. కోడ్ అంటే గిట్‌హబ్ సైటులో దాచుకుని ఉంటే ఉంటది, డేటాబేస్ ఎక్కడి నుంచి తెస్తారు? ఆ పిల్ల ఇంటింటికీ తిరిగి లేసు డిజైన్ల వివరాలు ఎక్కించుకున్న టేబుల్ అది.

నేను చెప్పేది ఒక్కటే. అనుమతి లేదు అని వచ్చిందంటే మీ రిక్వెస్ట్ ఎవరి దగ్గరికో చేరింది, వాళ్ళు దాన్ని చూశారు, ఇవ్వను అని జవాబు చెప్పారు. అసలు అపాచీ ఆడకపోతే 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని వస్తది, ఫైల్ లేకపోతే 404 వస్తది. 'ఫర్బిడెన్' నంబరు 403, అది వచ్చిందంటే అవతల ఎవరో ఉన్నట్టే. కాబట్టి చెయ్యాల్సిన మొదటి పని ఆ కాదన్నది ఎవరో తెలుసుకోవడం. అపాచీ రూల్సా, ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైల్ పర్మిషన్లా, మై ఎస్‌క్యూఎలా, మీరు రాసిన అప్లికేషనేనా, లేకపోతే ఆ పోర్టులో, అంటే రిక్వెస్ట్ చేరే నంబరు గుమ్మంలో, కూర్చున్న వేరే ప్రోగ్రామా. ఒక్కొక్కటీ ఒక్కో రకం జాడ వదుల్తది, ఆ జాడ లాగ్‌లో, అంటే సర్వర్ జరిగింది రాసుకునే ఫైల్లో ఉంటది, ఆ లాగ్ ఎవరూ తెరవరు, నా బాధంతా అదే.

లాగ్ ఎక్కడో దాచిపెట్టి ఉండదు. విండోస్‌లో ఎక్సాంప్ కంట్రోల్ ప్యానెల్‌లో అపాచీ వరసలోనే 'లాగ్స్' అని బటన్ ఉంటది, రోజూ స్టార్ట్ బటన్ నొక్కుతారు కదా, అదే వరసలో. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో అయితే వార్ ఫోల్డర్లో లాగ్ ఫోల్డర్, అందులో అపాచీ2, అందులో ఎర్రర్ లాగ్. అది తెరిచి, బ్రౌజర్లో పేజీ ఒకసారి రీఫ్రెష్ చేసి, చివర కొత్తగా పడిన లైను చదవండి, అంతే. బ్రౌజర్లో కనపడే ఫర్బిడెన్ పేజీ కావాలనే తక్కువ చెప్తది, లోపలి సంగతులు బయటివాళ్ళకి తెలియకూడదు కాబట్టి. పూర్తి కారణం లాగ్‌లోనే రాస్తది.

అక్కడ 'ఏహెచ్01630, క్లయింట్ డినైడ్ బై సర్వర్ కాన్ఫిగరేషన్' అని ఉంటే, ఫైల్ పర్మిషన్ల జోలికి వెళ్ళకండి, కాదన్నది అపాచీ కాన్ఫిగ్, అంటే దాని సెట్టింగుల ఫైల్. పిల్లల్లో ఇది ఎక్కువగా ఎలా వస్తదంటే, సీ డ్రైవ్ నిండిపోయిందని ప్రాజెక్టుని ఎక్సాంప్‌లో సైట్లు పెట్టే హెచ్‌టీడాక్స్ ఫోల్డర్ లోంచి తీసి డీ డ్రైవ్‌లో పెట్టుకుని, వర్చువల్ హోస్ట్, అంటే ఆ సైటుకి విడిగా అపాచీ సెట్టింగు రాసుకుని, డాక్యుమెంట్ రూట్, అంటే ఫైళ్ళు ఎక్కడున్నాయో చెప్పే లైను మాత్రం మార్చి వదిలేస్తారు. అపాచీ మెయిన్ కాన్ఫిగ్‌లో పైనే ఉంటది, మొత్తం డిస్కుకి 'రిక్వైర్ ఆల్ డినైడ్' అని, అంటే నువ్వు పేరు పెట్టి తెరిచిన ఫోల్డర్ తప్ప ఇంకేదీ ఎవరికీ ఇవ్వను అని. హెచ్‌టీడాక్స్‌ని వాళ్ళే తెరిచి ఇస్తారు, మీ డీ డ్రైవ్ ఫోల్డర్‌ని మీరే తెరుచుకోవాలి, దానికో డైరెక్టరీ బ్లాక్ రాసి అందులో 'రిక్వైర్' లైను పెట్టి, అపాచీ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే పేజీ వచ్చేస్తది. అక్కడ కూడా ఊరికే 'ఆల్ గ్రాంటెడ్' ఎందుకు, మీ లాప్‌టాప్‌లో మీరొక్కరే చూసేదానికి 'రిక్వైర్ లోకల్' చాలు.

ఇందులోనే ఇంకో తిరకాసుంది. పాత నోట్సుల్లో, పాత వీడియోల్లో 'ఆర్డర్ అలౌ కామా డినై', 'అలౌ ఫ్రమ్ ఆల్' అని ఉంటది. అది అపాచీ 2.2 కాలం నాటి రాత. 2.4 వచ్చింది 2012లో, అప్పుడే ఈ పద్ధతి మారిపోయింది, పాతది పనిచెయ్యాలంటే దానికోసం వేరే మాడ్యూల్ ఉండాలి, పాతా కొత్తా కలిపి రాస్తే ఏది ఎప్పుడు నెగ్గుద్దో ఊహించడం కష్టం. ఇన్నేళ్ళయినా ఆ పాత రెండు లైన్లే ల్యాబ్ మాన్యువల్లో జిరాక్సు మీద జిరాక్సు అయ్యి తిరుగుతున్నాయి, ఇది మాత్రం పిల్లల తప్పు కానే కాదు.

ఇక లినక్స్ వాళ్ళ సంగతి. లాగ్‌లో 'ఏహెచ్00035, సెర్చ్ పర్మిషన్స్ ఆర్ మిస్సింగ్ ఆన్ ఎ కాంపొనెంట్ ఆఫ్ ద పాత్' అని పడుద్ది. 777 సలహాలు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే, అది పనిచెయ్యనిదీ సరిగ్గా ఇక్కడే. ఆ లైను చెప్పేదేంటంటే, నీ ఫైల్ దాకా వచ్చే దారిలో ఏదో ఒక ఫోల్డర్ నన్ను దాటనివ్వట్లేదు అని. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు నిండుగా ఉన్నాయి, మన చేలోకి బోదె శుభ్రంగా తవ్వుకున్నాం, కానీ మధ్యలో కాలువ మీద తూము దించేసి ఉంది, అప్పుడు మన బోదెని రెండింతలు వెడల్పు చేస్తే చుక్క నీరొస్తదా? ప్రాజెక్టు ఫోల్డర్‌కి 777 ఇవ్వడం కూడా అంతే. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా తయారయ్యే హోమ్ ఫోల్డర్లు 750తో వస్తున్నాయి, అంటే ఓనరూ ఆ గ్రూపూ తప్ప బయటివాళ్ళెవరూ లోపలికి అడుగు పెట్టలేరు, అపాచీ అక్కడ నడిచేది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే వేరే యూజర్‌గా, దానికి మీ హోమ్ గుమ్మమే మూసుంది. లోపల గదులు ఎంత తెరిచినా దానికి అందవు. 'నేమ్ఐ' అనే కమాండ్‌కి మైనస్ ఎల్ పెట్టి మీ ఫైల్ పాత్ ఇస్తే పై నుంచి కింద దాకా ప్రతి ఫోల్డర్ పర్మిషన్ వరసగా చూపిస్తది, మూసున్నది ఏదో చూడగానే తెలిసిపోద్ది. ఆ ఒక్క ఫోల్డర్‌కి దాటే అనుమతి, అంటే ఎక్స్ ఒక్కటి ఇస్తే చాలు. నన్నడిగితే అదీ వద్దు, ప్రాజెక్టు తీసుకెళ్ళి వార్ ఫోల్డర్లో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ కింద మీ యూజర్ పేరు మీద పెట్టుకోండి, గొడవే ఉండదు.

మరి 777 అంటే ఇంత కోపం ఎందుకంటారా. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి లేదా ఫోల్డర్ దాటడానికి 1, కలిపితే 7, మూడు ఏడులంటే ఓనరుకీ గ్రూపుకీ ఊళ్ళో అందరికీ అన్నీ. "లోకల్లోనే కదండి, ఎవరు చూస్తారు" అంటారు. చూడ్డం తర్వాత సంగతి, అసలు ముందు అదే కొత్త తాళాలు తెస్తది. డేటాబేస్‌ని బ్రౌజర్లో చూపించే పీహెచ్‌పీ మై అడ్మిన్ తన కాన్ఫిగ్ ఫైల్‌ని అందరూ రాయగలిగేలా ఉంటే పనిచెయ్యనని మొరాయిస్తది, నేరుగా 'రాంగ్ పర్మిషన్స్' అని చెప్తది. మై ఎస్‌క్యూఎల్ అయితే అలాంటి కాన్ఫిగ్ ఫైల్‌ని అసలు చదవకుండా వదిలేస్తది. హోమ్ మొత్తానికి 777 కొడితే ఎస్ఎస్‌హెచ్, అంటే వేరే మిషన్‌కి భద్రంగా కలిపే ప్రోగ్రామ్, మీ ప్రైవేట్ కీని తీసుకోదు, దాంతో గిట్‌హబ్‌కి కోడ్ పంపేవాళ్ళకి పుష్ ఆగిపోద్ది. కోపమొచ్చి అన్నిటికన్నా పై ఫోల్డర్ నుంచి మొత్తం సిస్టమ్‌కి కొట్టేస్తే సుడో, అంటే అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపే దారి కూడా పోతది, ఎందుకంటే దానికుండే ప్రత్యేకమైన బిట్ చెరిగిపోద్ది, ఇక దాన్ని వెనక్కి తేవడానికి సుడో వాడదామన్నా సుడో ఉండదు. ఒక తలుపు తీద్దామని మొదలెట్టి ఇన్ని తలుపులు మూసుకోవడం ఏంటండి అసలు!

పైగా లోకల్లో అలవాటైంది రేపు సర్వర్ మీద కూడా చేతికి వచ్చేస్తది. లారావెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్ళకి స్టోరేజ్ ఫోల్డర్లో లాగ్ రాయలేకపోతున్నా అని ఎర్రర్ వస్తది కదా, చాలాసార్లు దానికి కారణం ఎప్పుడో సుడో పెట్టి దాని ఆర్టిసాన్ కమాండ్ నడపడం, ఆ ఫైళ్ళకి రూట్ అనే అడ్మిన్ యూజర్ ఓనర్ అయి కూర్చోవడం. ఓనర్‌ని సరిచేసి, స్టోరేజ్‌కీ, బూట్‌స్ట్రాప్ లోపలి క్యాష్‌కీ మాత్రం వెబ్ సర్వర్ గ్రూపు రాసుకునేలా 775 ఇస్తే సరిపోద్ది. రెండు ఫోల్డర్ల పని అది. దానికి ప్రాజెక్టు మొత్తాన్ని, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఈఎన్‌వీ ఫైల్‌తో సహా బార్లా తెరిచి పెట్టి, అలాగే సర్వర్‌కి ఎక్కించేసేవాళ్ళు ఉన్నారు. రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉండే సైట్లండి ఇవి.

మై ఎస్‌క్యూఎల్ విషయానికొస్తే, 'యాక్సెస్ డినైడ్ ఫర్ యూజర్ రూట్' అన్నది చదివి అక్కడే ఆగిపోతారు, ఆ లైను చివర బ్రాకెట్లో ఉన్న మాట చదవరు, అసలు సంగతి అక్కడుంది. 'యూజింగ్ పాస్‌వర్డ్ నో' అని ఉంటే మీ ప్రోగ్రామ్ పాస్‌వర్డ్ పంపనే లేదు. మై ఎస్‌క్యూఎల్ అడ్మిన్ యూజరైన రూట్‌కి కొత్తగా పాస్‌వర్డ్ పెట్టి, పీహెచ్‌పీ మై అడ్మిన్ కాన్ఫిగ్ ఫైల్లో ఖాళీగానే వదిలేస్తే ఇదే వస్తది, ఎక్సాంప్‌లో రూట్‌కి ముందు నుంచీ పాస్‌వర్డ్ ఖాళీ కాబట్టి. 'యెస్' అని ఉంటే పంపింది గానీ అది సరిపోలేదు, లేదా ఆ పేరుతో ఆ హోస్ట్‌కి యూజరే లేడు. ఇవి 1045 నంబరు మీద వస్తాయి. ఉబుంటులో 1698 నంబరు వచ్చిందంటే మాత్రం పాస్‌వర్డ్ గురించి జుట్టు పీక్కోకండి, అక్కడ రూట్‌ని గుర్తుపట్టేది పాస్‌వర్డ్‌తో కాదు, సిస్టమ్‌లో మీరు ఎవరిగా ఉన్నారో చూసి, అందుకే సుడో మైఎస్‌క్యూఎల్ అంటే లోపలికి వెళ్ళనిస్తది. ఒకసారి అలా వెళ్ళి ప్రాజెక్టుకి వేరే యూజర్‌ని చేసుకుని, ఆ ఒక్క డేటాబేస్ మీదే హక్కులు ఇచ్చుకోండి. రూట్‌తో ప్రాజెక్టు కట్టే అలవాటు కూడా దీంతోనే పోద్ది.

లాప్‌టాప్‌లో వస్తది, అదే వైఫైలో ఉన్న ఫోన్లో ఫర్బిడెన్ అంటది, ఇది కూడా బాగా అడుగుతారు. ఎక్సాంప్ లాంటిదే అయిన వ్యాంప్‌లో మామూలుగా 'రిక్వైర్ లోకల్' ఉంటది, అంటే ఆ మిషన్‌కి తప్ప వేరేవాళ్ళకి ఇవ్వదు. మీ రౌటర్ ఇచ్చే అడ్రసులు 192.168.1తో మొదలైతే 'రిక్వైర్ ఐపీ 192.168.1' అని రాసుకుంటే ఇంట్లో ఫోన్లకి తెరుచుకుంటది. అంతేగానీ దీనికి విండోస్ ఫైర్‌వాల్ ఆఫ్ చేసేస్తారేంటి? ఫైర్‌వాల్ అడ్డుకుంటే పేజీ తిరిగి తిరిగి టైమౌట్ అవుద్ది, 403 రాదు. 403 వచ్చిందంటే ఫైర్‌వాల్ దాటి లోపలికి వచ్చేసినట్టే కదా.

మ్యాక్ వాళ్ళకి ఇంకో విచిత్రం. పైథాన్‌లో ఫ్లాస్క్‌తో రాసిన ప్రాజెక్టు 5000 పోర్టులో తెరుస్తుంటే 403 వస్తది, కోడ్‌లో ఎక్కడ వెతికినా ఏమీ దొరకదు. 2021లో వచ్చిన మాంటెరే అనే మ్యాక్ఓఎస్ నుంచి, ఫోన్లోంచి వీడియో, పాట మ్యాక్ మీదకి పంపించుకునే ఎయిర్‌ప్లే రిసీవర్ ఆ పోర్టు వాడుకుంటోంది, ఆ కాదన్నది అదీ. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి సర్వర్ హెడర్ చూస్తే ఎయిర్‌ట్యూన్స్ అని పేరు రాసుంటది. పైథాన్‌దే ఇంకో ఫ్రేమ్‌వర్క్ జాంగోలో ఫారం పంపినప్పుడు 403 వస్తే అది జాంగోనే, ఫారం మీ సైటు నుంచే వచ్చిందని తేల్చే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ పెట్టలేదని పేజీ మీదే రాస్తది. ఫోల్డర్‌కి చిరునామా ఇస్తే ఫర్బిడెన్ వచ్చి, లాగ్‌లో 'ఏహెచ్01276' ఉంటే అక్కడ ఇండెక్స్ ఫైల్ లేదు, లోపలి ఫైళ్ళ లిస్టింగ్ చూపించే అనుమతీ లేదు, ఇండెక్స్ పెట్టుకోండి.

కాలేజీల్లో వెబ్ ల్యాబ్ చెప్పే మాస్టార్లకీ మేడమ్‌లకీ ఒక విన్నపం. రికార్డులో ఎన్నో ఎక్స్‌పెరిమెంట్లు రాయిస్తారు, క్యాలిక్యులేటర్, లాగిన్ పేజీ, స్టూడెంట్ ఫారం. వాటితో పాటు ఒకటి పెట్టండి. మీరే కాన్ఫిగ్‌లో ఒక లైను మార్చి, ఒక ఫోల్డర్ మూసేసి, ఒక పాస్‌వర్డ్ తప్పుగా పెట్టి, పిల్లల చేత కారణం కనిపెట్టించండి, ఇంటర్నెట్ లేకుండా, ఒట్టి లాగ్ చూసి. ఎర్రర్ లైను నోట్సులో రాయాలి, కాదన్నది ఎవరో రాయాలి, ఏ ఒక్క లైను మార్చితే తెరుచుకుందో రాయాలి. ఇంటర్వ్యూల్లో "ఒక ప్రాబ్లమ్ ఎలా సాల్వ్ చేశావు" అని అడిగితే చెప్పుకోడానికి మన డెల్టా పిల్లలకి సొంత అనుభవం ఒకటి ఉంటది.

పిల్లలకి, ఎప్పుడన్నా ఫోన్ చెయ్యండి, మొహమాటం వద్దు, రాత్రయినా ఫర్వాలేదు. కానీ 'ఫర్బిడెన్' పేజీ ఫోటో ఒక్కటే పంపి ఊరుకోకండి. విండోసా ఉబుంటా, ఎక్సాంపా వ్యాంపా, బ్రౌజర్లో కొట్టిన పూర్తి అడ్రస్, ప్రాజెక్టు ఏ ఫోల్డర్లో ఉంది, ఎర్రర్ లాగ్‌లో చివరి లైన్లు, మొన్నటిదాకా పనిచేస్తే ఆ తర్వాత ఏం మార్చారు, ఇవి టైప్ చేసి పంపండి, పాస్‌వర్డ్‌లు ఉంటే చెరిపేసి. ఏదీ పీకకుండా, 777 కొట్టకుండా, ఉన్నది ఉన్నట్టు ఉంచి పంపండి.