ఆయిల్ మార్పించిన మర్నాడే
నల్గొండలో మొన్న కారుకు ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్పించుకొని వచ్చాను. తెల్లవారి చూస్తే వాకిట్లోని షాబాదు బండ మీద అరచేయంత మరక, దానిపై బొట్టుబొట్టుగా రాలుతున్న కొత్త ఆయిల్ కనిపించాయి. అదే బండిలో నార్కట్‌పల్లి మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, అమ్మను హైదరాబాదు ఆసుపత్రికి తీసుకుపోవలసిన రోజది.

సర్వీసు చేసినచోట అడిగితే "బండి పాతది సార్, కారుతది" అన్నారు. నిన్నటిదాకా చుక్క కారని బండి ఒక్క రాత్రిలో పాతదెట్లా అవుతుంది? పట్టుబట్టి పైకెత్తించి చూస్తే, పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజనుకే అతుక్కొని ఉండగా దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించారని తేలింది. ఆ రింగు ఊడదీసి గుడ్డతో తుడవడానికి ఎంతసేపు పడుతుంది? దారి మధ్యలో ఆయిల్ అంతా కారిపోయి ఉంటే ఇంజనే పట్టేసేది. పైగా తగ్గిన ఆయిల్‌కు మళ్లీ నన్నే డబ్బులడగడం సహించలేకపోయాను.