వేళ్ళు ఫెయిల్

కాలిఫోర్నియాలో రియల్ ఎస్టేట్ సేల్స్‌పర్సన్ లైసెన్స్ అంటే ఏముంది వదినా, 18 ఏళ్ళు నిండాలి, నీకెప్పుడో నిండాయి, 45 గంటల కోర్సులు మూడు, మొత్తం 135 గంటలు, తర్వాత 150 ప్రశ్నల పరీక్షలో 70 శాతం తెచ్చుకుంటే అయిపోయినట్టే అంది మా ఫ్రెండ్. ఆల్రెడీ లైసెన్స్ తెచ్చేసుకుని కొత్త కోటుతో దిగిన ఫొటోలు ఫేస్‌బుక్ నిండా పెట్టిన మనిషి కదా, నమ్మేశా. వేలిముద్రల సంగతి మాత్రం ఎత్తలేదు మహాతల్లి.

కోర్సులు అయ్యాయి. ఎకరం అంటే 4,840 గజాలని నిద్రలో లేపినా చెప్పే నా బుర్రలోకి, 43,560 చదరపు అడుగులని ఎక్కించా. పరీక్ష కూడా పాసయ్యా. మూడు గంటలు కూర్చునేసరికి నడుం పట్టేసింది, అంతకంటే చెప్పుకోడానికి ఏం లేదు.

ఇక లైవ్ స్కాన్ అని ఒకటుంది. జనాల డిపాజిట్ డబ్బులు మన చేతుల మీదుగా పోతాయి కాబట్టి మన మీద పాత కేసులేమైనా ఉన్నాయేమో చూస్తారు, అందుకని పది వేళ్ళ ముద్రలూ రాష్ట్ర జస్టిస్ డిపార్ట్‌మెంట్‌కీ ఎఫ్‌బీఐకీ వెళ్తాయి. బానే ఉంది, చూసుకోండి. ఇంకు పూసే పని కూడా లేదు, గాజు పలక మీద వేలు పెట్టి దొర్లించడమే.

దొర్లించేది మాత్రం మనం కాదు, ఆపరేటర్. ఆ కుర్రాడు నా బొటనవేలు పట్టుకుని చెయ్యి లూజ్‌గా వదలండి అంటాడు. పరాయి మగాడు వేలు పట్టుకు మెలిపెడుతుంటే లూజ్‌గా ఎలా ఉంటుందయ్యా? పోనీ సాయం చేద్దామని నేనూ కాస్త తిప్పితే, మీరు తిప్పకండి నేనే తిప్పుతా అని విసుక్కోవడం, పూర్తిగా వదిలేస్తే చెయ్యి జారిపోతోందని మళ్ళీ విసుక్కోవడం. మా పెళ్ళిలో పాణిగ్రహణం కూడా ఇంతసేపు జరగలేదు. స్క్రీన్ మీద చూస్తే గీతలుండాల్సిన చోట తెల్లటి మచ్చ, దాని పక్కన ఎర్ర అక్షరాలు. లోషన్ రాశాడు, ఎక్కువైందని తుడిచాడు, తుడిస్తే ఆరిపోయిందని మళ్ళీ రాశాడు. ఆఖరికి నా మొహం వంక అనుమానంగా చూసి, మీరు చేతులతో ఏం పని చేస్తుంటారు అన్నాడు.

ఏం చెప్పను? అంట్లు తోముతా నాయనా. డిష్‌వాషర్ లేదా అంటాడేమో, ఉంది, మూకుడు అందులో పట్టదు, కుక్కర్ మూత పెడితే రబ్బరు పోతుంది, పాలగిన్నె అడుగు మాడితే దాని తాతలు దిగొచ్చినా వదలదు, పీచు పట్టుకుని నేనే దిగాలి. ఇదంతా ఇంగ్లీషులో చెప్పే ఓపిక లేక హౌస్‌వైఫ్ అన్నా. ఓ, అన్నాడు. ఆ ఓ నాకింకా మండుతోంది.

వెనకాల వెయిట్ చేస్తున్న కాలేజీ పిల్లాడు ఫోన్ తీసి గోడకి ఆనుకున్నాడు. మా నాయనమ్మకి సంతకం రాదు, పొలం కాగితాల మీద నిశానీ వేసేది, రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక్క నొక్కుకే నల్లగా పడేది. ఆవిడ మనవరాలు ఎంకామ్ చదివి వేలిముద్ర వేయలేకపోతోంది.

ఎలాగో పంపించాడు. క్వాలిటీ లేదని తిరిగొచ్చాయి, మళ్ళీ వేయించుకోవాలట. లోషన్ రాసుకుని గ్లవ్స్ వేసుకుని పడుకోమని ఎవరో సలహా ఇచ్చారు, అదీ చేశా. ఈసారి తోడొచ్చిన మా ఆయన, ముద్రల్లేకపోతే దొంగతనానికి భలే పనికొస్తావే అని జోకేసి, ఏదీ నా వేళ్ళు చూడు అని చెయ్యి చాపాడు. నిజమే, గీతలన్నీ అచ్చు కొట్టినట్టున్నాయి. ఉండవా మరి, ఆ చేతులు సింకు మొహం ఎప్పుడు చూశాయని?

ఆ ముద్రలూ వెళ్ళాయి. రెండుసార్లూ రిజెక్ట్ అయితే ఎఫ్‌బీఐ వాళ్ళు ముద్రలు వదిలేసి మన పేరు పెట్టి వెతుకుతారని చెప్పింది అక్కడి అమ్మాయి, మీకు వేరే పేర్లేమైనా ఉన్నాయా అని కూడా అడిగింది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ముందు, డ్రైవింగ్ లైసెన్స్‌లో వెనక, పదో తరగతి మార్కుల లిస్టులో ఉత్త అక్షరం, బ్యాంకులో మా ఆయన ఇంటిపేరు. నేను చెప్తూనే ఉన్నా, ఆ అమ్మాయి ఇంకో కాగితం తెచ్చుకుంటానని లోపలికెళ్ళింది.