తోడి అడిగితే కల్లు పోసింది

మన పెద్దవాళ్ళకి తెలివి తక్కువ. ఏదైనా పాత కచేరీ సంగతి కావాలంటే, తెలిసినవాళ్ళింటికి వెళ్ళి అరుగు మీద కూర్చుని అడిగేవారు. ఆ తెలిసినాయన ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "ఆఁ, అది ఫలానా పందిట్లో పాడారు, మధ్యలో వానొచ్చింది, కాంభోజి సగంలో ఆపేశారు" అని చెప్పేసేవాడు. ఇంత అశాస్త్రీయమైన పద్ధతితో ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చామో తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఇప్పుడా బాధ లేదు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో సంగీత భాండాగారాలున్నాయి. వాటికి కేటలాగుంది, కేటలాగుకి సెర్చ్ ఉంది. ఆ సెర్చ్‌లో ఏమీ దొరకనివాళ్ళ కోసం పక్కనే చీమ తలకాయంత అక్షరాలతో అడ్వాన్స్‌డ్ సెర్చ్ ఉంది.

అడ్వాన్స్‌డ్ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. మీరూ పడే ఉంటారు. మామూలు సెర్చ్‌లో ఒకటే గడి, అందులో ఏం కొట్టినా దొరకదు. అడ్వాన్స్‌డ్‌లో పద్దెనిమిది గడులు. దేనికది విడివిడిగా, శాఖల వారీగా దొరకదు.

నాకు కావలసింది చాలా చిన్న విషయం. 1970ల్లో మా ఊరి శ్రీరామనవమి పందిట్లో ఒక కచేరీ జరిగింది. ఎవరో పుణ్యాత్ముడు స్పూల్ టేపు మీద ఎక్కించాడు. ఆ టేపు మా పెదనాన్నగారింట్లో బిస్కెట్ డబ్బాలో ఏళ్ళ తరబడి ఉండిపోయింది. ఆయన పోయాక వాళ్ళబ్బాయి, అంటే మా అన్నయ్య, ఆ డబ్బాని ఒక పెద్ద భాండాగారానికి భక్తిగా అప్పగించాడు. (దాని పేరు చెప్పను. చెప్పినా ఆ స్పెల్లింగు మీకు తట్టదు.) కొన్నాళ్ళకి వాళ్ళు ఉత్తరం రాశారు: మీ టేపుని డిజిటల్ చేశాము, మా సైటులో వినవచ్చును. సైటులో ఎక్కడ అన్నది రాయలేదు. వెతుక్కోండి అని వాళ్ళ భావం.

ఆ టేపులో తోడి రాగం ఉంది. త్యాగరాజస్వామి "కద్దనువారికి" కీర్తన, దాని తర్వాత మా పెదనాన్న మృదంగం మీద తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం ఒక్కటే మోగే ఘట్టం. కద్దు అంటే ఉంది అని. ఉందన్నవాళ్ళకి ఉంది అని పెద్దలు చెప్పిన మాట ఇవాళ అబద్ధమైపోతుందా అని ఆ కీర్తనలో త్యాగయ్య రాముణ్ణి నిలదీస్తాడు. దాదాపు రెండు వందల ఏళ్ళుగా రాముడు దీనికి తేల్చి జవాబివ్వలేదు. భాండాగారం ఒక్క సెకనులో ఇచ్చింది. "ఫలితాలు: 0."

పల్లవి పోతే పోయింది, వాగ్గేయకారుడితో వెళ్దాం అనుకున్నాను. తెలుగు లిపిలో కొడితే గడి చుట్టూ ఎర్రగీత వచ్చింది, అంటరానిదేదో తగిలినట్టు. ఇంగ్లీషులోనే కొట్టాలి. టి తర్వాత వై పెడితే ఒక త్యాగరాజు వస్తాడు. టి, హెచ్, వై పెడితే ఇంకో త్యాగరాజు. టి, హెచ్, ఐ, ఎ అని సాగదీస్తే మూడో ఆయన. ముగ్గురికీ ఒకరి మొహం ఒకరికి తెలీదు. ముగ్గురి దగ్గరా తలా కొన్ని కీర్తనలున్నాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. తమిళులు 'త'కి టి పక్కన హెచ్ పెడతారు, ఒట్టి టి అంటే వాళ్ళకి 'ట'. మనం ఆ హెచ్‌ని 'థ' కోసం బీరువాలో దాచుకుంటాం. ఎవరి లెక్క వాళ్ళకి న్యాయమే. ఆయన తెలుగులో పాడి తమిళదేశంలో కాపురం ఉండటం వల్ల వచ్చిన తంటా.

రెండో త్యాగరాజు దగ్గర ఇంకో వింత. ఆయన వాగ్గేయకారుల గడిలో లేడు, గాయకుల గడిలో ఉన్నాడు. అంటే స్వామివారు స్వయంగా వచ్చి మైకు ముందు కూర్చుని పాడి వెళ్ళారన్నమాట. ఆయన సిద్ధి పొందింది 1847లో. ఎడిసన్ ఫోనోగ్రాఫు చేసింది 1877లో. ముప్ఫై ఏళ్ళు ఓపిక పట్టి ఉంటారు. ఇంకో సైటులో అయితే ఇది వార్త. ఇక్కడ డ్రాప్‌డౌన్.

సరే, రాగం గడి. ఇక్కడ నాకు ధైర్యం ఉంది. ఎందుకంటే పేర్లోనే కేటలాగు నంబరు కుట్టేసిన జాతి మనది. తోడికి మేళకర్తల్లో, అంటే తల్లి రాగాల పట్టికలో, పేరు హనుమతోడి. అక్షరానికో అంకె ఇచ్చే కటపయాది లెక్కలో 'హ' అంటే 8, 'న' అంటే 0, తిరగేస్తే 08. డెబ్భై రెండు మేళాల్లో ఎనిమిదోది. ఖరహరప్రియ 22, మేచకల్యాణి 65, అన్నీ ఇదే లెక్క. కంప్యూటరు, కార్డు డ్రాయరు, ఏదీ లేని రోజుల్లో నోట్లోనే ఇండెక్స్ పెట్టుకు తిరిగారు. ఇంతకన్నా ఏ యంత్రానికైనా ఏం సాయం చేస్తాం? నమ్మకంగా హనుమతోడి అని కొట్టాను. సున్నా. హనుమ తీసేసి ఒట్టి తోడి అని కొట్టాను. టి, ఓ, డి, ఐ.

యంత్రం కాసేపు గిరగిరా తిరిగింది. తర్వాత చాలా మర్యాదగా అడిగింది: "మీ ఉద్దేశం టాడీయా?"

టాడీ. అంటే కల్లు.

నేను కాదనేలోపే పోసేసింది. మొట్టమొదటి ఫలితం, ఎక్కడో పల్లెలో రికార్డు చేసిన కల్లుగీత కార్మికుల పాట. చక్కటి పాట, కాదనను. గీతం అడిగినవాడికి గీత వృత్తి చూపించడంలో ఒక సాహిత్య చమత్కారం కూడా ఉంది. రెండోదీ మూడోదీ చలిదేశాల్లో విస్కీలో వేణ్ణీళ్ళూ తేనే కలుపుకుని తాగే హాట్ టాడీ గురించిన జాజ్ వాయిద్యాలు. నాలుగోది ఎవరిదో ఉపన్యాసం, మద్యనిషేధం మీద. పోసిన చేత్తోనే పాపభీతి కూడా పెట్టింది. పేజీ కిందకి జరిపితే పక్కన చిన్న పెట్టె: "ఇవి కూడా మీకు నచ్చవచ్చు." అందులో మళ్ళీ కల్లు పాటలు. అప్పటి నుంచి ఆ సైటు తెరిచినప్పుడల్లా నన్నొక పాత ఖాతాదారుణ్ణి పలకరించినట్టు పలకరిస్తోంది. పొద్దున్నే తెరిచినా అంతే. ఇంట్లో పిల్లలు వెనకాల నిలబడి చూస్తుంటారు. వాళ్ళకి ఏమని చెప్పను? నాన్న తోడి వెతుకుతున్నాడమ్మా అంటే నమ్మే వయసు కాదు వాళ్ళది.

ఆలోచిస్తే యంత్రం తప్పు కూడా సగమే. తాటిచెట్టు మనకిచ్చినవి ముఖ్యంగా రెండు, తాటాకు, తాటికల్లు. త్యాగయ్య శిష్యులు ఆయన పాడుతుంటే తాటాకుల మీద రాసుకుని కీర్తనల్ని మనదాకా తెచ్చారు. ఈ భాండాగారం చెట్టు దాకా సరిగ్గానే వచ్చింది. ఎక్కాక దారి తప్పింది.

ఎనిమిదో పేజీలో ఎట్టకేలకు తోడి కనబడింది, కానీ హిందుస్తానీ తోడి. అది మన తోడి కాదు. దాని స్వరాలు మనకి శుభపంతువరాళి. మన తోడి స్వరాలేమో అక్కడ భైరవి. మనకీ ఒక భైరవి ఉంది, అది మళ్ళీ వేరు. పాడేవాళ్ళకి, వినేవాళ్ళకి ఇందులో గందరగోళం ఏమీ లేదు, ఊళ్ళో ఇద్దరు సుబ్బారావులుంటే పోస్టుమేన్‌కి లేనట్టే. తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై నాదస్వరం మీద గంటల కొద్దీ వాయించిన తోడి ఏదో చెప్పడానికి పూర్వం అడ్వాన్స్‌డ్ సెర్చ్ అక్కర్లేకపోయింది. వీధి చివర నిలబడితే చాలేది.

భాష గడి గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. తమిళానికీ టాటర్ భాషకీ కింద తెలుగు ఉంది, ఉన్నందుకు సంతోషించాను. నొక్కితే అన్నీ సినిమా పాటలు. త్యాగరాజ కీర్తన ఒక్కటీ లేదు. తర్వాత తెలిసింది, అవి కన్నడంలో ఉన్నాయిట. కర్ణాటక సంగీతం కదా మరి.

కల్లు వద్దు మొర్రో అని చెప్పడానికి ఒక మార్గం ఉందని సహాయం పేజీలో రాశారు. కావలసిన మాటకి ముందు 'అండ్', వద్దనుకున్న మాటకి ముందు 'నాట్' పెట్టాలిట. దీన్ని బూలియన్ అంటారు. త్యాగయ్య వెళ్ళిపోయిన 1847లోనే ఇంగ్లండులో జార్జ్ బూల్ అనే బడిపంతులు తర్కాన్ని లెక్కల్లోకి దించుతూ చిన్న పుస్తకం వేశాడు. ఒక మహానుభావుడు పోయిన ఏడే ఇంకో మహానుభావుడి పుస్తకం రావడం, ఇన్నేళ్ళకి ఇద్దరూ నా గడిలో కలుసుకోవడం, ఘడియ అలాంటిది. తోడి నాట్ టాడీ అని కొట్టాను. ఫలితాలు: 0. తోడి అన్నా టాడీ అన్నా ఒకటేనని లోపల ఎప్పుడో నిర్ణయమైపోయింది. ఒకటి వద్దంటే రెండోదీ పోతుంది.

ఇది మందు లేని రోగమైతే నేనూ నోరుమూసుకుని ఉండేవాణ్ణి. పలికే తీరుని బట్టి పేర్లు వెతికే పద్ధతికి అమెరికాలో 1918లోనే పేటెంటు ఇచ్చారు. గ్రంథాలయాల వాళ్ళు అంతకుముందు నుంచే, ఒక మనిషికి ఒకటే చీటీ, దాని కింద ఆ పేరు ఎన్ని రకాలుగా రాస్తారో అన్నీ, అని పెట్టుకున్నారు. పాఠకుడి సమయం ఆదా చెయ్యి అని 1931లో సూత్రం రాసిన ఎస్.ఆర్. రంగనాథన్ పుట్టింది ఎక్కడో కాదు, శీర్కాళిలో. త్యాగయ్య ఉన్న తిరువయ్యారు కూడా ఆ తంజావూరు సీమే. ఒకే కావేరి నీళ్ళు. ఈ కేటలాగు చేసినవాళ్ళు మాత్రం ఏ నీళ్ళు తాగారో.

చివరికి ఎలా దొరికిందో చెప్తాను. 'పాత్ర' అని ఒక గడి ఉంది. అందులో ఆర్కెస్ట్రా కండక్టరు ఉన్నాడు, లైట్లు వేసేవాడు ఉన్నాడు, వేదిక అలంకరణ ఉంది. మృదంగం లేదు. 'అదర్స్' ఉంది. విసుగొచ్చి దాన్నే నొక్కాను. అంతులేని జాబితా తెరుచుకుంది. ఓ గంట జరుపుకుంటూ పోతే కనబడింది: నవమి కచేరీ. గాత్రం, పేరుంది. దాని కింద ఒకే వరస: అదర్స్.

పక్కనే డబ్బా మూత ఫోటో పెట్టారు. మూత మీద అంటించిన కాగితం మీద మా పెద్దమ్మ పెన్సిలుతో రాసిన అక్షరాలు. గాత్రం ఫలానా, వయొలిన్ ఫలానా, మృదంగం ఫలానా, తోడి - కద్దనువారికి - తని ఉంది. అన్నీ ఉన్నాయి. గుండ్రటి అక్షరాలు, రెండో తరగతి పిల్లాడు చదవగలడు. ఆ కాగితాన్ని ఎంత శ్రద్ధగా ఫోటో తీశారంటే పెన్సిలు నొక్కుళ్ళు కూడా కనబడుతున్నాయి. తీశారు. చదవలేదు.

ఇక్కడ నాకు వెటకారం రావట్లేదు. మా పెదనాన్న మృదంగాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సుల్లో తిరిగినవాడు. కచేరీకి కూర్చునే ముందు ఎడమవైపు మూతకి తడిరవ్వ ముద్ద అద్దేవాడు, పాట పాటకీ తడిచేసుకునేవాడు. ఇంట్లో ఉప్మాకి రవ్వ లేకపోయినా పెద్దమ్మ ఆయన సంచీలో గుప్పెడు మూటకట్టేది. వేళ్ళు పగిలితే గుడ్డ చుట్టుకుని వాయించాడు. మూడు గంటల కచేరీలో ఆ గాయకుడు ఊపిరి పీల్చుకున్న ప్రతిచోటా ఆయన ఉన్నాడు. ఇంత బతుకూ బతికితే మీకు 'అదర్స్' అయ్యాడా? పద్దెనిమిది గడులు కట్టారు కదయ్యా, ఒక్క గడి మృదంగానికి పెడితే మీ సర్వరు కుప్పకూలుతుందా? తెలుగు చదవగలిగిన ఒక్క మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టలేకపోయారా? టేపు కుళ్ళిపోకుండా చల్లటి గదుల్లో పెడుతున్నామని చెప్పుకుంటారు. బిస్కెట్ డబ్బాలో ఉన్నన్నాళ్ళూ ఆయనకి పేరుంది. మీ చల్లగదిలోకి వచ్చాకే పోయింది.

సవరణకి ఫారం ఉంది, నింపాను. మీ సూచన మాకు విలువైనదని వెంటనే జవాబొచ్చింది. యంత్రం పంపినదే. కింద "ఇవి కూడా మీకు నచ్చవచ్చు" అని లింకుంది. నొక్కలేదు.

తని మాత్రం విన్నాను. మొదట్లో పందిట్లో పిల్లలు అరుస్తుంటారు, ఎవరో పానకం గ్లాసులు సర్దుతున్న చప్పుడు. పోనుపోను ఆ చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపోతాయి.

రాత్రి అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఒరేయ్, దొరికిందా?"

"దొరికింది అన్నయ్యా. బాగుంది, శుభ్రంగా వినబడుతోంది."

"అబ్బ. అయితే నేనూ చూస్తాను, ఉండు. నాన్న పేరు కొడితే వస్తుంది కదా?"

"ఇక్కడ నెట్ సరిగ్గా లేదు అన్నయ్యా," అన్నాను. "రేపు లింకు పంపుతాలే."