ఆటో స్టార్టరుపై అభియోగపత్రం

మా ఊరి సబ్‌స్టేషను గోడమీద ఈమధ్య ఒక నోటీసు అతికించారు. ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోవడానికీ, భూగర్భజలాలు అడుగంటడానికీ, బహుశా వానలు కురవకపోవడానికీ కారణం వేపచెట్టు కింద రేకుపెట్టెలో కూర్చుని, కరెంటు రాగానే బోరు మోటారును తనంతట తానే ఆన్ చేసే ఆటో స్టార్టరేననీ, రైతు సోదరులు దానిని వెంటనే తొలగించాలనీ దాని సారాంశం. ముద్దాయి ఇంత సులువుగా దొరికినందుకు నాకూ సంతోషమే.

నేరం జరిగే తీరు మీకు తెలిసినదే. రాత్రి రెండింటికి మోటార్లు నడిచే త్రీఫేజు కరెంటు వస్తుంది. కూడబలుక్కున్నట్టు మోటార్లన్నీ ఒక్కసారే గుర్రుమంటాయి. మోటారు కదిలేటప్పుడు మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఐదు హెచ్‌పీ మోటార్లు నాలుగైదింటిని మించి మోయలేని 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరుకు పది తగిలించి ఉంటాయి. అది ఢామ్మంటుంది. తెల్లవారాక రైతులే తలా ఇంత చందా వేసుకుని, నూనె కారుతున్న ఆ పెద్దమనిషిని ట్రాక్టరు ఎక్కించి, పెళ్ళికూతురిని సాగనంపినట్టు వెంట నలుగురు నడిచి రిపేరు షెడ్డుకు చేరుస్తారు. అక్కడ అంతకుముందే వచ్చినవి వరసలో ఉంటాయి. వరి మాత్రం వరసలో నిలబడదు.

ఇంతకీ ఆ కరెంటు ఎక్కడిది? కిన్నెరసాని నీళ్ళు తాగి కొత్తగూడెంలో పుట్టినది, కృష్ణమ్మ కిందికి దూకితే శ్రీశైలంలో పుట్టినది. నీళ్ళు ఖర్చుపెట్టి కరెంటు చేసి, ఆ కరెంటుతో నీళ్ళు తోడి, నీటిమట్టం దిగితే బోరును రెండు వందల అడుగుల నుంచి ఆరు వందలకు దింపి, ఐదు హెచ్‌పీ తీసి పది బిగించి, అదే మడి తడపడానికి రెట్టింపు కరెంటు కాల్చడం వ్యవసాయాభివృద్ధి. రైతు రేకుపెట్టె కొనడం దుబారా.

పెట్టె ఉంటే అవసరం లేకపోయినా నీళ్ళు పారుతూనే ఉంటాయి, నిజమే. తెలంగాణలో 2018 జనవరి 1న 24 గంటల సరఫరా మొదలైనాక దానిని తీసేయమనడంలోనూ న్యాయముంది. మాకు మాత్రం వేళాపాళా ఉన్న కరెంటుకన్నా ముందే నోటీసు వచ్చింది. 2004 మే 14న ఉచిత విద్యుత్తు ఫైలుపై సంతకం పడినప్పుడు ధర పోయింది గానీ అర్ధరాత్రి పోలేదు. టార్చిలైటుతో గట్టుమీద నడిచి పాముకాటుకు పోయినవాడు, తడిచేతితో మీట నొక్కి బోరు దగ్గరే కూలిపోయినవాడు ఏ ఊళ్ళో లేడయ్యా? ఆ చావులను ఆపింది మీ నోటీసులు కావు, ఆ దిక్కుమాలిన రేకుపెట్టె!

నోటీసు అడుగున చిన్న అక్షరాలతో మరొక వాక్యం ఉంది. సందేహాలున్నవారు పనిదినాలలో ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఐదింటిలోగా మాత్రమే కార్యాలయానికి రావాలట.