98 డాలర్ల ప్లేయర్ అంత చవకేం కాదు

ఈ వారం ఒకే మెసేజ్ నలుగురు పంపారు. నాలుగోవాడు మా తమ్ముడే, కింద మూడు దండాల బొమ్మలు పెట్టి మరీ. సారాంశం ఇది: డీవీడీ కంటే స్పష్టమైన బొమ్మ చూపే రెండు రకాల డిస్కులు (ఫార్మాట్లు), బ్లూరే, హెచ్‌డి డీవీడీ, కొట్టుకున్నన్నాళ్లూ అమెరికా జనానికి పండగే, 499 డాలర్ల ప్లేయర్ 98కి దిగింది, డిస్కులూ చవకయ్యాయి, ఒకటి చావగానే దోపిడీ మొదలైంది. కాబట్టి దేనికైనా రెండు ఫార్మాట్లు ఉండాలట.

డిస్కులు చవకయ్యాయా? మామూలు డీవీడీ కంటే రెండూ ఖరీదే. వదిలేయండి.

అసలు తంటా ఆ 98 దగ్గర. నిజమే, 2007 నవంబరులో వాల్‌మార్ట్ తోషిబా హెచ్‌డి డీవీడీ ప్లేయర్‌ని 98.87 డాలర్లకు అమ్మింది. నాలుగు నెలలు తిరక్కుండానే, 2008 ఫిబ్రవరి 19న, తోషిబా ఆ ఫార్మాట్‌కే దండం పెట్టేసింది. దీన్ని పోటీ అంటారా, కొట్టు మూసేముందు సరుకు వదిలించుకోవడం అంటారా? పైగా యూనివర్సల్ సినిమాలు హెచ్‌డి డీవీడీలో, డిస్నీవి బ్లూరేలో. రెండూ చూడాలంటే రెండు ప్లేయర్లు కొనాలి. ఆహా, ఏం పొదుపు! డల్లాస్‌లో ఉండే మా బావ అప్పుడే ఒక హెచ్‌డి డీవీడీ ప్లేయరూ, ఎర్ర డబ్బాల్లో వచ్చే దాని డిస్కులు 22 కొన్నాడు. తర్వాత అందులో 14 సినిమాలు బ్లూరేలో మళ్లీ కొన్నాడు. ఈ లెక్క మెసేజ్‌లో ఎక్కడుంది స్వామీ?

"ఒకటి చావగానే దోపిడీ" అన్న దాంట్లో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. 2008 జనవరిలో వార్నర్ సినిమా కంపెనీ బ్లూరే వైపు వెళ్లాక బ్లూరే ప్లేయర్ల ధరలు కొన్ని నెలలు కిందికి దిగలేదు. కానీ నవంబరుకల్లా 200 డాలర్ల లోపు బ్లూరే ప్లేయర్లు దొరికాయి. ఎలా? ఒకే ఫార్మాట్‌లో పది కంపెనీలు పడి తయారుచేస్తే.

డీవీడీ కథా అంతే. 1995లో కంపెనీల రెండు వర్గాలు రాజీపడి ఒకే డిస్కు చేశాయి కాబట్టే అది వీధివీధికీ చేరింది. మన దగ్గర డిస్కులు చేసే మోజర్ బేర్ కంపెనీ 28 రూపాయలకు వీసీడీ, 34కి డీవీడీ అమ్మినప్పుడు కొత్త ఫార్మాట్ ఏమైనా కనిపెట్టిందా? ఉన్న డిస్కునే లాభం తగ్గించుకుని, పైరసీ సీడీ ధరకు దగ్గరగా అమ్మింది. కావలసింది ఆ పోటీ.

ఇంతా తిట్టాక ఒక మాట. బావ ప్లేయర్ ఇంకా బతికే ఉంది. ఎర్ర డబ్బా డిస్కు పెడితే ఉమ్మేస్తుంది గానీ, మామూలు డీవీడీ పెడితే బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది.